శుక్రవారం పొగ

ఆ ఏడు దీపావళి వానలు మొదలైన వారానికే నా తల నా మాట వినడం మానేసింది. పొద్దున లేచేసరికి కనుబొమల మధ్య బరువు. ముగ్గు వేయడానికి వంగితే ఆ బరువంతా ముందుకు జారి కళ్ళమీద పడేది. బుగ్గ ఎముకలు సలిపేవి, పైవరస పళ్ళు లాగేవి. మొదట పన్ను అనుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ఒక్కో పన్నూ తట్టి చూసి, అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నాడు. తరవాత కళ్ళజోడు మార్చాను. జోడు మారింది గానీ నొప్పి మారలేదు. నేను పనిచేసే బట్టల కొట్లో పండగ జనం తోసుకుంటూ ఉంటే, ఒక చేత్తో బిల్లు కొడుతూ ఇంకో చేత్తో నుదురు నొక్కుకుంటూ నిలబడేదాన్ని.

మా అత్త తాయారుకి మాత్రం మొదటిరోజే అంతా తెలిసిపోయింది.

"నీళ్ళు కోర్చుకున్నాయి," అన్నది నా నుదుటిమీద అరచెయ్యి పెట్టి. "తలలో నీళ్ళు చేరినాయి. వానలో తడిసొచ్చినావు గదా, సరిగ్గా ఆరలే."

నేను పుట్టి పెరిగింది నగరిలో. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చాక, ముత్తియాల్‌పేటలోని ఈ ఇంట్లో నేర్చుకున్న కొత్త సంగతుల్లో ఇదొకటి. తలలో నీళ్ళు చేరతాయి, చేరిన నీళ్ళని పొగతో ఆరబెట్టాలి. తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు వీళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అందులో సగం తమిళం. మా ఆయన కేశవ్‌కి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను రాసింది ఆయన చదవలేడన్న ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

అత్త శుక్రవారం శుక్రవారం నాకు తలంటేది. నాకు అమ్మ లేదు, చిన్నప్పుడే పోయింది. పెళ్ళయిన మొదటి శుక్రవారం ఆవిడ నూనెగిన్నె పట్టుకుని "రా, కూసో" అంటే బిత్తరపోయాను. నీళ్ళు పోయడం అయ్యాక వెనక వసారాలో పీట వేసి కూర్చోబెట్టి, మట్టి ధూపపాత్రలో నిప్పులు వేసి, వాటిమీద సాంబ్రాణి పొడి చల్లి, పైన వెదురుగంప బోర్లించి, ఆ గంపమీద నా జుట్టంతా పరిచేది. పొగ జుట్టులోంచి లేచి ముఖాన్ని కమ్మేది. అత్త వేళ్ళతో చిక్కులు తీస్తూ ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఆవిడ నోట్లోంచి ముద్దుమాట రావడం నేను వినలేదు. ఆ పొగే ఆవిడ ముద్దు. నాకది తెలుసు, నాకది కావాలి కూడా. కొట్లో తోటి ఆడవాళ్ళు "ఏం వాసనే నీ జుట్టు" అంటే, మా అత్త వేస్తుంది అని గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ వానాకాలం శుక్రవారం ఒక్కటే చాలదని అత్త మంగళవారం కూడా పొగ వేసింది. నొప్పి తగ్గకపోయేసరికి తలకు పోసుకోని రోజుల్లో కూడా మొదలుపెట్టింది. సాయంత్రం నేను కొట్టునించి వచ్చేసరికి గంప సిద్ధంగా ఉండేది. పడుకోబోయే ముందు నుదుటికి శొంఠి పట్టు. మధ్యలో వావిలాకు వేసి ఆవిరి.

"ఇంకొంచెం వంగు. ముక్కులోకి పోనీ. లోపలి నీళ్ళు ఆరాల."

నేను వంగేదాన్ని. తుమ్ములొచ్చి, ముక్కు కారి, కాసేపు లోపల అంతా కదిలినట్టే ఉండేది.

"చూడు, దిగతాండాయి," అనేది అత్త తృప్తిగా.

అన్నం తినేవేళకి మళ్ళీ మొత్తం బిగుసుకుపోయేది. ఆ ముక్క ఆవిడతో చెప్పబుద్ధి అయ్యేది కాదు. అంత శ్రద్ధగా పొగ విసురుతున్న మనిషితో ఏమని చెప్తాం.

మా మామ పురుషోత్తమన్ మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. వసారాలో కుర్చీ వేసుకుని మా ఇద్దర్నీ చూస్తూ ఒకరోజు అన్నారు.

"మీ అత్త చేతి పొగకి తిరుగులేదమ్మా. వల్లికి గూడా ఇట్నే. మూడు పూటలా పొగేసి, కంటిమీద కునుకు లేకుండా కాచుకున్నాది. దిష్టి తగిలింది గాబట్టి పాయె గానీ, లేకుంటే నిలబెట్టుండును."

అత్త నిప్పులమీద ఇంకో చిటికెడు సాంబ్రాణి వేసింది.

వల్లి అంటే కేశవ్ అక్క. ముందు గదిలో ఫోటో ఉంది. లంగా ఓణీ, రెండు జడలు, మొహమంతా కళ్ళు. పదిహేనేళ్ళకే పోయింది. ముప్పై ఏళ్ళ కిందట, ఇలాంటి దీపావళి వానల్లోనే జలుబు చేసి తలనొప్పి పట్టుకుందట. కొన్నాళ్ళకి జ్వరం కాసి, ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది. తరవాత తెలివి తప్పింది, అంతే. కన్ను ఉబ్బింది కాబట్టి అది దిష్టేనని ఇంట్లో తేల్చారు. ఎవరి దిష్టి అంటే ఎదురింటి మారియమ్మది. దీపావళి రోజు కొత్త బట్టల్లో వల్లిని చూసి "ఎంత కళ్ళే నీకు" అన్నదట ఆవిడ. ఆ ఒక్క మాట అన్న పాపానికి ఆనాటినుంచీ మా గడప తొక్కలేదు. రెండు ఇళ్ళ మధ్య ఒక ఆటో పట్టేంత సందు. ఆవిడ పొద్దున్నే తన అరుగుమీద ఆప్పాలు పోసి అమ్ముతుంది. వీధంతా కొంటుంది, మేము కొనం. నేను ముగ్గు వేస్తూ తలెత్తితే ఆవిడ తల దించుకుంటుంది. ఎన్నేళ్ళ అలవాటో మరి.

పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లని ఇక్కడి ఇళ్ళలో పూవాడైకారి అంటారు. ఆ పిల్లే ఇంటి దేవత. సంక్రాంతితో మొదలయ్యే తై నెల మొదటి శుక్రవారం కొత్త లంగా, జాకెట్టు, గాజులు, పూలు చేటలో పెట్టి, ఆ బట్టలకి సాంబ్రాణి పొగ పట్టించి మొక్కుతారు. ఏటా లంగా అదే కొలత. అత్త కొట్టుకొచ్చి "పదిహేనేళ్ళ పిల్లకి" అని అడిగి కొనేది. మొదటిసారి నేనే బిల్లు కొట్టాను, ఎవరికని అడగబోయి ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

* * *

కార్తీకం వచ్చింది. వాన తెరిపి ఇచ్చింది గానీ నా తల తెరిపి ఇవ్వలేదు. ఒక ఆదివారం పొయ్యిమీద పాలు పెట్టి, పక్కనే నిలబడి కొబ్బరి కోరుతున్నాను. పెరట్లోంచి అత్త పరుగున వచ్చి స్టవ్ ఆపింది. గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయింది. వంటింటినిండా పొగ.

"ముక్కు యాడ పెట్టుకున్నావే? నాకు పెరట్లోకి కొడతాండాది వాసన."

నేను గిన్నెలోకి మొహం పెట్టి పీల్చాను. ఏమీ లేదు. కొబ్బరి పీల్చాను, కరివేపాకు నలిపి పీల్చాను. ఏమీ లేదు. చివరికి నా జుట్టు కొస తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందురోజు సాయంత్రమే అత్త పొగ వేసిన జుట్టు. అందులోనూ ఏమీ లేకపోయేసరికి భయమేసింది. వాసన ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు.

కేశవ్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఆ వానలకి తెగిపడిన తీగలన్నీ ఆయన నెత్తినే ఉన్నాయి, సెలవు దొరకలేదు. పెద్దాసుపత్రికి నాతో అత్త వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. ముక్కులోకి దీపం ఉన్న సన్నటి గొట్టం దూర్చి చూసింది. అంతా తమిళంలోనే చెప్పింది, ఓపిగ్గా, అత్తకి కూడా అర్థమయ్యేట్టు.

"ముక్కు చుట్టూ, నుదుటి వెనక, బుగ్గల వెనక, ఎముకల్లో ఖాళీ గదులుంటాయమ్మా. వాటికి గాలి ఆడాలి. లోపల ఊరే చీమిడి సన్నటి దారిలోంచి ముక్కులోకి దిగిపోవాలి. మీ కోడలికి ఆ దారి వాచి మూసుకుపోయింది. పైగా ముక్కులో చిన్న కండలు పెరిగాయి. అందుకే నొప్పి, అందుకే వాసన తెలీదు. సైనసైటిస్ అంటారు."

"అంటే లోపల నీళ్ళు నిలిచినట్టే గదా?"

"అట్లాగే అనుకోండి."

అత్త నావైపు చూసింది. నేను చెప్పలేదా అన్నట్టు గెలిచిన చూపు.

"ఇంట్లో పొగ ఏమైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. నేను నీళ్ళు నమిలాను. అత్తే చెప్పింది, వెనకాముందూ చూసుకోకుండా.

"సాంబ్రాణి వేస్తాండా. ఆ నీళ్ళు ఆరేదానికి."

"ఆపేయండమ్మా. లోపలి పొర ఇప్పటికే వాచి ఉంది. పొగ తగిలేకొద్దీ ఇంకా వాస్తుంది, దారి ఇంకా మూసుకుంటుంది. పొగ వల్లనే వచ్చిందని చెప్పను. వచ్చినదాన్ని తగ్గనివ్వదు." కసురుకోకుండానే చెప్పింది. ముక్కులో కొట్టుకునే మందు, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం, కొన్నాళ్ళు మాత్రలు, హాయిగా ఉంటే వట్టి నీళ్ళ ఆవిరి. తగ్గకపోతే స్కాను తీసి, దారి తెరవడానికి ఆపరేషను. అన్నీ రాస్తూ, రోజూ అందరికీ చెప్పే మాటే కాబోలు, తల ఎత్తకుండా చెప్పింది. "ఒకటి గుర్తుంచుకోండి. కంటి చుట్టూ వాపొచ్చినా, చూపు మసకేసినా, జ్వరంతో తల పగిలిపోతున్నా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రావాలి. ఈ గదులకీ కంటికీ మధ్య కాగితమంత పల్చటి ఎముకే ఉంటుంది."

అత్త ముందుకు జరిగింది.

"కన్ను ఉబ్బుతాదా?"

"అరుదుగా. పిల్లల్లో, ఎదిగే వయసు వాళ్ళలో కొంచెం ఎక్కువ."

"ఉబ్బితే?"

"చీము కంటిలోకి, అక్కణ్నించి మెదడుకి పోవచ్చు. తొందరగా తీసుకొస్తే భయం లేదమ్మా. నరానికి ఇంజెక్షన్లు వేస్తాం, అవసరమైతే చీము తీసేస్తాం. చాలామంది బాగైపోతారు."

బయట ఎవరి నంబరో పిలుస్తున్నారు.

"ఆ ఇంజెక్షను ఎప్పట్నించి ఉండాది?"

డాక్టరమ్మ నవ్వింది. కొత్త మందేమోనని పెద్దావిడ జంకుతోంది అనుకుంది. "పాత మందేనమ్మా, భయపడకండి. నేను పుట్టకముందునుంచీ ఉంది."

అత్త తల ఊపింది. గొడుగు తీసుకుని లేచింది. నేను మందుల చీటీ పట్టుకుని వెనకాలే నడిచాను. నా తల నొప్పిగానే ఉంది గానీ, ఆ నడవలో దాని సంగతే నాకు గుర్తు లేదు. ఆటోలో అత్త బయటికి చూస్తూ కూర్చుంది. వాన జల్లు చీర తడిపేస్తున్నా పక్కకి జరగలేదు.

* * *

ఆ శుక్రవారం అత్త తలంటింది. నీళ్ళు పోసింది. నేను అలవాటుగా వసారాలో పీట వేసుకుని కూర్చున్నాను. ధూపపాత్ర రోలు వెనక బోర్లించి ఉంది. గంపలో ఉల్లిపాయలు పోసి ఉన్నాయి. అత్త నా వెనక నిలబడి పొడి తువ్వాలుతో జుట్టు తుడిచి, తుడిచి, ఇంక చేతులకి పని లేక ఆగిపోయింది.

"పోయి ఫ్యాను కింద కూసో," అన్నది.

ఫ్యాను కింద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నా అమ్మ పోయినప్పుడు నాకు ఏడవడం తెలీదు, ఆ వయసు కాదు. ఆ రోజు తెలిసింది.

పొగ మానేసిన చేతులకి అత్త వేరే పని కనిపెట్టుకుంది. తెల్లవారగానే నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, ఉప్పు కలిపి, సీసాలో పోసి ఉంచేది. నేను వంగి ఒక ముక్కులోంచి పోసుకుని ఇంకో ముక్కులోంచి వదులుతుంటే పక్కనే నిలబడేది. అది అయ్యాక నా గడ్డం పట్టుకుని వాకిట్లోకి, వెలుతురు ఉన్నచోటికి తీసుకుపోయేది.

"కన్ను చూపీ."

బొటనవేలితో పై రెప్ప నొక్కి చూసేది, తరవాత కింది రెప్ప. రెండో కన్ను. "నొస్తాందా?" అని అడిగేది. లేదంటే ఇంకోసారి నొక్కేది. రోజూ అంతే. ఎదురింటి అరుగుమీదనుంచి మారియమ్మ ఆప్పం తిప్పడం మర్చిపోయి చూసేది.

మామ అది గమనించారు.

"పొద్దున్నే ఆమె ఎదురుగా దాని మొహం ఎత్తి పట్టుకుంటావేందే. ఒకసారి పడింది చాల్లేదా?"

"ఆమెనేమనొద్దు," అన్నది అత్త.

"ఏంది?"

"ఏమనొద్దు అంటిని గదా."

మామ నావైపు చూశారు, ఇదేం చోద్యం అన్నట్టు. నేను పెరట్లోకి పోయాను.

కేశవ్‌తో చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన అన్నం తింటున్నాడు. డాక్టరమ్మ చెప్పింది, అత్త అడిగింది, వరసగా చెప్పాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"నాకు అక్కది ఏమీ గ్యాపకం లే, ఆ కన్ను తప్ప," అన్నాడు. "పిలిచింది నన్ను. భయపడి మంచం కింద దూరినా."

"చిన్నపిల్లాడివి."

"అమ్మకి తెలిసిపోయిందంటావా?"

"ఇంజెక్షను ఎప్పట్నించి ఉండాది అని అడిగింది," అన్నాను.

ఆయన ఇంక తినలేదు. చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి పోయి, అక్క ఫోటో కింద ఉన్న బల్లమీద కూర్చున్నాడు. అత్త లోపల్నించి "మజ్జిగ పోసుకోలేదేంరా" అని కేకేసింది. ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు.

మందులతో నొప్పి సగం తగ్గింది, ముక్కు మాత్రం తెరుచుకోలేదు. స్కాను తీశారు. గాలి ఉండాల్సిన చోటల్లా నల్లగా కనపడాలట, నావన్నీ బూడిదరంగులో నిండిపోయి ఉన్నాయి. ఆపరేషను చేయాలన్నారు. బయట కోత ఉండదు, ముక్కులోంచే దారి తెరుస్తారు.

మామ ఒప్పుకోలేదు. "కంటి పక్కన కత్తి పెట్టేదా? ముక్కు కోసం కన్ను పోగొట్టుకుంటారా ఎవురన్నా? ఇంగొక నెల ఓర్చుకుంటే పోద్ది. తలనొప్పికి ఆసుపత్రిలో పండుకోబెట్టేది నేను యాడా చూళ్ళే."

నాక్కూడా లోపల భయంగానే ఉంది. ఆయన మాట పట్టుకుని తప్పించుకుందామా అని చూస్తున్నాను.

"చేపిస్తాం," అన్నది అత్త.

"ఎందుకే అంత తొందర?"

"ఓర్చుకునేదానికి లే. చేపిస్తాం."

మామ వద్దన్నదాన్ని అత్త చేయిస్తాననడం నేను ఆ ఇంట్లో అంతకుముందు వినలేదు.

* * *

మార్గళి, అంటే ధనుర్మాసం, మొదట్లో ఆపరేషను అయింది. తెలివి వచ్చేసరికి ముక్కు రెండు వైపులా దూది కుక్కి ఉంది. నోటితో గాలి పీలుస్తున్నాను, నాలుక ఎండిపోయింది. ఎవరో నా కంటిరెప్పమీద బొటనవేలు పెట్టి మెల్లిగా నొక్కుతున్నారు. కళ్ళు తెరవకుండానే ఎవరో తెలిసింది.

"ఉబ్బలే," అన్నది అత్త తనలో తాను.

ఇంటికి పొమ్మని కేశవ్ ఎంత చెప్పినా పోలేదు. మధ్యాహ్నం ఆయన టీ తేవడానికి పోయినప్పుడు ఆవిడ నా మంచం పక్కన స్టూలుమీద కూర్చుని, నావైపు కాకుండా కిటికీవైపు చూస్తూ మాట్లాడింది.

"చెప్పుకునేదానికి వల్లికి నోరుండింది. తల నొస్తాందిమా, తల నొస్తాందిమా అని చెప్తానే ఉండింది. మీ మామ ఆసుపత్రికి పిలిస్తే నేనే వద్దంటిని. పొగేస్తే దిగిపోతాదంటిని. వంగు, ఇంకా వంగు అని..." ఆగింది. "వొద్దుమా అనింది. నేను పట్టుకోని వంచినా."

నాకు మాట్లాడటానికి కుదరదు, నోటినిండా ఎండిన రక్తం రుచి. అయినా అన్నాను. "మీకు తెలీదు గదా అత్తా."

"తెలీదు. తెలీకుంటే నిమ్మళంగా ఉంటిని ఇన్నేండ్లు. ఇప్పుడు తెలిసె." కొంగుతో నా పెదవుల పక్కన తుడిచింది. "మీ మామకి చెప్పొద్దు. ఆయనకి దిష్టే ఉండనీ. ఈ వయసులో ఆయన్ని కదిలించొద్దు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ పట్టుకోనిచ్చింది. కేశవ్ టీ తెచ్చేదాకా అలాగే ఉన్నాం.

దూది తీశాక మొదటిసారి ముక్కుతో గాలి పీల్చినప్పుడు, ఇంత చల్లగా ఉంటుందా గాలి అనిపించింది. నుదుటిమీది బరువు రోజురోజుకీ తేలికైంది. వాసన వస్తుందో రాదో మాట ఇవ్వలేం, కొన్నాళ్ళు చూడమన్నది డాక్టరమ్మ. మందు కొట్టుకుంటూ, ఉప్పునీళ్ళు పోసుకుంటూ చూశాను. సబ్బు పీల్చాను, మల్లెపూలు పీల్చాను, ఊరగాయ జాడీలో మొహం పెట్టాను. మార్గళి అంతా అయిపోయింది, ఏమీ లేదు.

తై నెల వచ్చింది. మొదటి శుక్రవారానికి ముందురోజు పొద్దున, నా కళ్ళు చూడటం అయ్యాక అత్త లోపలికి రాలేదు. కొంగు సర్దుకుని సందు దాటింది. నేను ముగ్గుగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మారియమ్మ అరుగుమీద పెనం ముందు కూర్చుని ఉంది. తనవైపు వస్తున్న అత్తని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది.

"రేపు పూవాడైకారికి పెడతాండాము," అన్నది అత్త. "రా."

"నేనా?"

"నువ్వే."

మారియమ్మ చేతిలో గరిటె పట్టుకుని అత్త మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. "నేను మంచిమాటే అన్నానక్కా ఆ పిల్లని," అన్నది చివరికి, చిన్న గొంతుతో. అన్నేళ్ళూ ఆ మాట నోట్లోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"అవును," అన్నది అత్త. "దాని కండ్లు అట్లాంటివి."

పెనంమీది ఆప్పం మాడింది. సందు దాటి, ముగ్గు దాటి, ఆ మాడువాసన నా దగ్గరికి వచ్చింది. సన్నగా, ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకుని సంబరపడే సమయం కాదనిపించింది.

శుక్రవారం ముందు గదిలో, ఫోటో కింద పీట వేసి చేట పెట్టాం. ఆకుపచ్చ లంగా, ఎర్ర జాకెట్టు, గాజులు, మల్లెపూలు. అత్త లంగా మడతలు సరిచేస్తూ కూర్చుంది. మారియమ్మ తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా గడప దాటడానికి కాళ్ళు రాలేదు ఆవిడకి. మామ ఆవిణ్ని చూసి మొహం తిప్పుకున్నారు. కేశవ్, ప్రతి ఏడూ చేసినట్టే, రోలు వెనకనుంచి ధూపపాత్ర తీసి కడిగి, నిప్పులు రాజేసి తెచ్చాడు. మామ సాంబ్రాణి పొడి గుప్పిట్లోకి తీసుకున్నారు. ఆడపిల్లకి మొదటి పొగ తండ్రి వేయాలని ఇంటి ఆచారం.

అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు."

"పొగ లేకుండా ఎట్లే?" అన్నారు మామ. "పొగ పట్టించకుండా కట్టిస్తామా పిల్లకి? ఏ ఏడన్నా అట్ల జరిగిందా?"

అత్త ఆయనవైపు చూడలేదు. లంగా అంచుమీద ఒక ముడత ఉంటే దాన్ని బొటనవేలితో, మెల్లిగా, అటూ ఇటూ నొక్కి సరిచేసింది.

"పొగ వద్దు," అన్నది. "దానికి తల నొస్తాది."

మామ అత్తని చూశారు. నన్ను చూశారు, నా ముక్కుని, నా కళ్ళని. తలుపు దగ్గర నిలబడ్డ మారియమ్మని చూశారు. ఫోటోవైపు మాత్రం చూడలేకపోయారు. గుప్పిట అలాగే మూసుకుని, గోడ పట్టుకుని, నేలమీద కూర్చుండిపోయారు.

అత్త ధూపపాత్ర పిడి పట్టుకుని వెనక వసారాలోకి తీసుకుపోయింది. తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచి పోసిన చప్పుడు వినిపించింది. తడిసిన బొగ్గుల వాసన లోపలికి వచ్చింది. నాకు అది బాగానే తెలిసింది.